గడువు తీరిన గ్యాస్ బావి లీజు: నా అనుభవం

2023 సంక్రాంతి వెళ్లిన వారానికి కోనసీమలోని మా ఊరి నుంచి బాబాయి ఫోన్ చేశారు. మా తోటలో చమురు సంస్థ వేసిన గ్యాస్ బావి దగ్గరకు వరసగా లారీలు వచ్చి కంకర దింపుతున్నాయని, పాత బావిని బాగుచేయడానికి మళ్లీ రిగ్గు ఎక్కిస్తారని ఊళ్లో అనుకుంటున్నారని చెప్పి, “లీజు కాగితం ఎప్పటిదాకా ఉందో ఒకసారి చూడమ్మా, మీ నాన్న ఉన్నప్పటి సంగతి వేరు” అన్నారు. చెన్నై విల్లివాక్కంలోని మా ఇంటి అటక మీద నుంచి నాన్నగారి ఆకుపచ్చ ట్రంకుపెట్టె దింపి చూస్తే, ఆ లీజు 2019 మార్చి 31నే ముగిసిపోయి ఉంది. దాదాపు నాలుగేళ్లుగా మా భూమిలో వాళ్లు కాగితం లేకుండా ఉన్నారు, మేము అడగకుండా ఉన్నాము. ఇరవై రెండేళ్లుగా ఒక ఆడిటరు గారి దగ్గర పదిమంది లెక్కలు పైసలతో సహా చూసే నేను, సొంత ఇంటి కాగితం గడువు చూసుకోలేదన్న మాట ముందే ఒప్పుకుంటున్నాను.

నాన్నగారు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, 1988లో తన జీతం డబ్బుతో ఊళ్లో కొబ్బరితోట కొన్నారు. 2007లో చమురు సంస్థ వచ్చి తవ్వకం కోసం అందులో ఎకరం ఎనభై సెంట్లు తాత్కాలికంగా తీసుకుంది. చెట్టుకింత అని పరిహారం ఇచ్చి కొబ్బరిచెట్లు కొట్టేసి, రెండున్నర అడుగుల ఎత్తున కంకర పోసి మెరక చేసింది. గ్యాస్ పడిన తరువాత 2009 ఏప్రిల్ 1 నుంచి పదేళ్లకు రిజిస్టరు లీజు రాయించుకుంది. ఎకరానికి ఏడాదికి 40,000 రూపాయలు, మూడేళ్లకోసారి పది శాతం పెంపు, ఏటా ఏప్రిల్‌లో ముందుగా చెల్లింపు అన్నవి అందులోని ముఖ్యమైన షరతులు. ఆ లెక్కన 2018 నాటికి ఎకరానికి 53,240 రూపాయలు, లీజులోని భూమి మొత్తానికి 95,832 రూపాయలు అయింది. గడువు తీరిన మరుసటి నెలలో, అంటే 2019 ఏప్రిల్‌లో కూడా అదే మొత్తం నాన్నగారి ఖాతాలో పడింది, ఆయన తీసుకున్నారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల రాలేదు. ఆ డిసెంబరులో నాన్నగారు పోయారు. ఆ తరువాత ఆయన ఖాతా మూసేశాము, డబ్బు రాలేదన్న ధ్యాస కూడా మాకు లేకపోయింది.

ఇక్కడ ఒక అపోహ సంగతి చెప్పాలి, ఎందుకంటే మొదటి రెండు వారాలు మా ఇంట్లో కూడా ఆ అపోహతోనే వాదనలు నడిచాయి. “లీజు అయిపోయింది కదా, ఇక బావి మీదే, గ్యాస్ మీదే” అని ఊళ్లో కొందరు అన్నారు. హ్యూస్టన్‌లో ఉన్న మా తమ్ముడు కూడా అక్కడి పద్ధతి చూసి దాదాపు అలాగే అనుకున్నాడు. టెక్సాస్‌లో భూమి కింది ఖనిజ హక్కును పైభూమి నుంచి విడదీసి అమ్ముకోవచ్చట. ఆ హక్కుదారే సంస్థకు లీజిచ్చి ఉత్పత్తిలో వాటా తీసుకుంటాడు, మొదటి గడువు దాటాక ఉత్పత్తి ఉన్నంతకాలమే లీజు నిలుస్తుంది, ఉత్పత్తి ఆగిపోయి, కాపాడే షరతు వేరే ఏదీ లేకపోతే, ఎవరూ నోటీసు ఇవ్వకుండానే అది దానంతటదే పోతుంది. అలా పోయిన లీజును బతికించాలంటే హక్కుదారు దాన్ని ఒప్పుకుంటూ మళ్లీ సంతకం పెట్టాలి. మన దగ్గర చమురు, గ్యాస్ విషయంలో భూమి యజమానికి ఆ వాటా లేదు. 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం, అప్పటికి అమల్లో ఉన్న 1959 నాటి పెట్రోలియం, సహజవాయు నియమాల కింద, కేంద్రం అనుమతితో రాష్ట్ర ప్రభుత్వం సంస్థకు మైనింగ్ లీజు ఇచ్చేది, దాని గడువు మామూలుగా ఇరవై ఏళ్లు ఉండేది, రాయల్టీ రాష్ట్రానికి వెళుతుంది. మాది దానికి సంబంధం లేని రెండో లీజు, కేవలం నేల మీద నిలబడనిచ్చినందుకు ఇచ్చే అద్దె. వాళ్ల లీజు ప్రభుత్వం పొడిగించినంత మాత్రాన మా నేల మీది లీజు పొడిగించినట్టు కాదు, మాది ముగిసినంత మాత్రాన గ్యాస్ మాదీ కాదు. ఈ రెండు ముక్కలు విడదీసి చూసుకున్నాకే మేము అడగవలసింది ఏమిటో తేలింది.

ఫిబ్రవరిలో హైకోర్టు ఎదురుగా తంబుచెట్టి వీధిలో ఉన్న ఒక తెలుగు న్యాయవాది దగ్గరకు వెళ్లాను. ఆయన పాత పత్రాన్ని చివరి పేజీ నుంచి మొదటికి చదివారు. “ఉభయుల అంగీకారంతో పొడిగించుకోవచ్చును” అన్న వాక్యం దగ్గర వేలు పెట్టి, “ఇది పొడిగింపు హక్కు కాదమ్మా, ముందుముందు మాట్లాడుకుందామన్న మాట మాత్రమే, దీని మీద మీకు గాని వాళ్లకు గాని ఏదీ దక్కదు” అన్నారు. తరువాత నాన్నగారి పాస్‌బుక్కులో 2019 ఏప్రిల్ జమ చూసి కాసేపు ఆలోచించారు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 116వ సెక్షను ప్రకారం, గడువు తీరాక కూడా కౌలుదారు భూమిలో ఉండి, యజమాని అద్దె తీసుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ లీజు ఏడాదికేడాదిగానో నెలనెలగానో సాగినట్టు లెక్క. ఏది అన్నది భూమిని దేనికి ఇచ్చారన్న దాని మీద ఆధారపడుతుంది. వ్యవసాయానికో సరుకు తయారీకో అయితే ఏడాది లెక్క, ఆరు నెలల నోటీసు, మిగతా వాటికి నెల లెక్క, పదిహేను రోజుల నోటీసు. గ్యాస్ తీయడం ఏ కోవలోకి వస్తుందన్న దాని మీద వాదన పెట్టుకుంటే మన ఆయుష్షు చాలదని ఆయన నవ్వి, “ఆ జమ వల్ల వాళ్లు ఆక్రమణదారులు కారు, అలాగని పాత పదేళ్ల లీజు తిరిగి పుట్టలేదు, ఈ నడిమి స్థితిలోనే మనం మాట్లాడాలి” అన్నారు.

ఆయన చెప్పిన రెండో సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు. బకాయి అద్దె కోసం దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్లే. 2020 ఏప్రిల్‌లో రావలసిన అద్దెకు ఆ గడువు రెండు నెలల్లో తీరిపోతుందని వేళ్ల మీద లెక్క వేసి కంగారు పడ్డాను. అయితే కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని ఇలాంటి గడువుల లెక్క నుంచి తీసివేయాలని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఆదేశించిందని, కనుక తొందర లేదని ఆయన వివరించారు. తొందర లేదంటూనే, బాకీ ఉన్నట్టు సంస్థ చేత రాతపూర్వకంగా ఒప్పించమన్నారు. గడువులోపల బాకీదారు సంతకంతో అలాంటి ఒప్పుకోలు వస్తే, లిమిటేషన్ చట్టంలోని 18వ సెక్షను కింద ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. ఆ మాట ప్రకారం మా మొదటి ఉత్తరంలో కొత్త రేటు గురించి ఒక్క ముక్క రాయలేదు. లీజు నంబరు, విస్తీర్ణం, చివరి చెల్లింపు తేదీ రాసి, ఆ తరువాత చెల్లించవలసిన అద్దె వివరాలు తెలియజేయమని మాత్రమే అడిగాము.

మార్చిలో ఆ ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపి, ఏప్రిల్ మొదటి వారంలో నేనే వెళ్లాను. సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రిలో దిగి సంస్థ కార్యాలయంలోని భూముల విభాగానికి వెళితే, అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి, “మేడమ్, మీ నాన్నగారి పేరు మీద చెల్లింపు వెనక్కి వచ్చింది, అప్పటి నుంచి ఫైలు అలాగే ఉండిపోయింది” అన్నారు. బీరువా పక్కన గుట్టలోంచి ఆ ఫైలు తీసి చూపించారు. చివరి కాగితం మీద “యజమాని స్పందన కోసం వేచి ఉన్నాము” అని 2021 నాటి రాత. ఆ యజమాని అప్పటికే లేరు. వాళ్లలో దురుద్దేశం నాకు కనిపించలేదు గాని, భూమిలో మనుషులు రోజూ తిరుగుతూ, ఊళ్లో ఎవరిని అడిగినా సంగతి తెలిసే వీలుండి, ఫైలు మాత్రం రెండేళ్లు ఎదురుచూస్తూ కూర్చోవడం ఏ రకమైన పని అన్నది నాకు ఇప్పటికీ అర్థం కాదు. అక్కడి న్యాయ విభాగంలోని ఆయన ఇంకో అడుగు ముందుకు వేసి, 2019లో డబ్బు తీసుకున్నారు కాబట్టి పాత లీజే పాత రేటుకు సాగుతోందని, కొత్త పత్రం అవసరమే లేదని అన్నారు. “అలాగైతే సార్, అదే మాట రాసి ఇవ్వండి, ఎంత బాకీ ఉందో కూడా రాయండి” అన్నాను. మూడు వారాల తరువాత ఉత్తరం వచ్చింది. వారసత్వ పత్రాలు అందిన మీదట 2020 ఏప్రిల్ నుంచి అద్దె చెల్లించగలమని అందులో ఉంది. మా న్యాయవాదికి కావలసిన ఒప్పుకోలు అదే.

తరువాతి నాలుగు నెలలు వారసత్వ పత్రాల కోసమే గడిచాయి, ఈ వ్యవహారం మొత్తంలో నన్ను ఎక్కువ అలసట పెట్టిన భాగం ఇదే. నాన్నగారు చెన్నైలో పోయారు కనుక వారసుల ధ్రువపత్రం ఇక్కడి తాలూకా కార్యాలయమే ఇవ్వాలి. భూమి ఆంధ్రలో ఉంది కనుక దాన్ని అక్కడి తహశీల్దారు చదివి ఒప్పుకోవాలి. చిక్కు పేరు దగ్గర వచ్చింది. మన ఊళ్లో మనిషి పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది, తమిళనాడులో పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. అందువల్ల పట్టాదారు పాస్‌పుస్తకంలో ఇంటిపేరుతో “సత్యనారాయణమూర్తి”గా ఉన్న మా నాన్నగారు, కోచ్ ఫ్యాక్టరీ రికార్డుల్లో తాతగారి పేరు మొదటి అక్షరంతో “వి. సత్యనారాయణ”, రేషన్ కార్డులో ఎవరో తమిళ గుమాస్తా అలవాటుగా చివర చేర్చిన పొల్లుతో “సత్యనారాయణన్”. చెన్నైలో నలభై ఏళ్లు కాపురం చేసిన తెలుగు ఇళ్లలో ఈ తంటా లేని ఇల్లు నేను చూడలేదు. ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేయడానికి ఆయన సర్వీసు పుస్తకంలోని పుట్టిన ఊరు, తండ్రి పేరు ఉన్న పేజీ, 1988 నాటి క్రయపత్రంలో “మద్రాసు కోచ్ ఫ్యాక్టరీ ఉద్యోగి” అన్న వర్ణన, వీటికి జతగా అమ్మ ప్రమాణపత్రం పెట్టాము. క్రయపత్రంలో ఉద్యోగం రాయించుకున్నది నాన్నగారు గొప్పకు రాయించుకున్నారో ముందుచూపుతో రాయించుకున్నారో తెలియదు గాని, ఆ రెండు మాటలే మమ్మల్ని గట్టెక్కించాయి.

పేరు తేలాక, “చనిపోయినాయన తల్లి బతికి ఉన్నారా?” అని తాలూకా కార్యాలయంలో అడిగారు. హిందూ వారసత్వ చట్టంలో వీలునామా లేకుండా పోయిన మగవాడి ఆస్తికి భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. నానమ్మ 1996లో పోయింది, ఆ రుజువు కావాలన్నారు. బాబాయి పంచాయతీలో పాత మరణాల రిజిస్టరు తిరగవేయించి, రెండు వారాల్లో నకలు పంపారు. అలా పంపుతూ, “నీ పేరు, చెల్లి పేరు కూడా పడతాయా అమ్మా, ఆడపిల్లలవి?” అని మొహమాటంగా అడిగారు. ఇది నాన్నగారి స్వార్జితం కనుక 2005 సవరణతో కూడా పనిలేదు, 1956 చట్టం నుంచే కూతురికి కొడుకుతో సమానంగా వస్తుందని చెప్పాను. ఆయన అవునవునని, మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. జూన్ చివరికి అమ్మ, నేను, బెంగుళూరులో ఉన్న చెల్లెలు, హ్యూస్టన్‌లోని తమ్ముడు, నలుగురి పేర్లతో ధ్రువపత్రం చేతికి వచ్చింది.

అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు, రైలు ప్రయాణం చేయలేదు. నా పేరున ఆమె రాసే అధికారపత్రం అక్కడి రిజిస్ట్రేషనుకు పనికిరావాలంటే ఆమె నివాసం ఉన్న పరిధిలోని సబ్ రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టాలి. నడవలేని వారి కోసం అధికారి ఇంటికి వచ్చే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది, దానికి దరఖాస్తు పెట్టి రుసుము కట్టాము. ఒక సాయంత్రం అధికారి, గుమాస్తా వచ్చారు. అమ్మ కళ్లజోడు సవరించుకుని, బల్ల మీదికి ఒరిగి, తలకట్టు కూడా మరిచిపోకుండా తన పేరును పూర్తిగా తెలుగులో రాసింది, ఒక్కొక్క అక్షరానికీ ఒక్కొక్క ఊపిరి తీసుకుంటూ. గుమాస్తా ఆ గుండ్రటి అక్షరాల కేసి చూసి, ఇది సంతకమా, పేరా అని అడిగితే, అమ్మ తమిళంలోనే, “నా పేరే నా సంతకం, యాభై ఏళ్లుగా ఇదే” అంది. ఆయన పక్కనే పెన్సిలుతో తమిళంలో పేరు రాసుకున్నాడు. చెల్లెలు బెంగుళూరులో ఇలాగే రాసి పంపింది. తమ్ముడు హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో సంతకం పెట్టి పంపిన పత్రానికి, అది దేశంలోకి వచ్చిన మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి. అది జులై 10న అందింది, ఆగస్టులో జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ పని పూర్తిచేశాను.

భూమి రికార్డుల్లో పేరు మార్పిడి కోసం ఊరి సచివాలయంలో దరఖాస్తు పెట్టినప్పుడు, పాత లీజు ఎంత పాతదో కళ్లకు కట్టింది. అందులో “తూర్పు గోదావరి జిల్లా” అని ఉంటే, 2022 ఏప్రిల్ నుంచి మేము కోనసీమ జిల్లా. అందులో సర్వే నంబరు, దాని కింద సబ్ డివిజన్ ఉంటే, మా ఊళ్లో రీసర్వే పూర్తయ్యాక వాటి స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబరు వచ్చింది. యజమాని లేరు, జిల్లా లేదు, నంబరు లేదు, ఉన్నదల్లా బావి ఒక్కటే. గడువు తేదీ మార్చి అదే పత్రాన్ని పొడిగిద్దామన్న ఆలోచన సంస్థ వాళ్లకు ఇంకా ఏ మూలో ఉన్నా, ఈ మార్పుల పట్టిక చూపించాక పోయింది. పాత నంబరుకూ కొత్త నంబరుకూ పొత్తు చూపే కాగితం వీఆర్వో గారు ఇచ్చారు, సెప్టెంబరులో 1-బిలో, అంటే భూమి హక్కుల రికార్డులో, మా నలుగురి పేర్లు ఎక్కాయి.

ఆ నెలలోనే ఉమ్మడి కొలత జరిగింది. పదేళ్ల తరువాత నేను ఆ గేటు లోపలికి అడుగుపెట్టడం అదే మొదటిసారి. చుట్టూ పచ్చని కొబ్బరితోటలు, మధ్యలో బూడిదరంగు కంకర మైదానం, దాని నడుమ నడుము ఎత్తు ఇనుప కంచె లోపల, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కవాటాలు బిగించిన బావి తల. దాన్ని వాళ్లు క్రిస్మస్ ట్రీ అంటారు. చక్రాల మీద పసుపు రంగు పొరలు పొరలుగా లేచి ఉంది, ఒక చక్రానికి ఎవరో చద్దిమూట తగిలించారు. లోపల గ్యాస్ ఒత్తిడి చూపే గడియారం ముల్లు చిన్నగా వణుకుతూ ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండినప్పుడు అమ్మ రోజూ ఊరికి ఫోన్ చేసి అడిగేది, ఆ ముల్లు చూస్తుంటే అది గుర్తుకొచ్చింది. మండల సర్వేయరు రోవరు కర్ర పట్టుకుని మూల మూలకూ నడిచాడు. ఈశాన్యం మూల రాయి స్థలం చుట్టూ వేసిన కంచె బయట ఉండాలి, అది కంకర గట్టు కింద, కంచె లోపల దొరికింది. మెరక చేసినప్పుడు వాలు కోసం కంకర బోదె వైపుకు జారి, ఆ వాలు బయట కంచె వేసుకుంటూ పోయారు. కొలత పూర్తయ్యాక, వాళ్ల ఆధీనంలో ఉన్నది ఎకరం ఎనభై కాదు, ఎకరం తొంభై రెండు సెంట్లని తేలింది. పన్నెండు సెంట్లు, అంటే దాదాపు 581 గజాలు, మా తోటలోనే మిగిలిన అంచు, లీజులో లేకుండా, అద్దె లేకుండా, ఎప్పటి నుంచో కంచె లోపల ఉంది. అక్కడే నిలబడి నలుగురి చేత కొలత కాగితం మీద సంతకాలు పెట్టించాను, ఎందుకంటే కార్యాలయానికి వెళ్లాక ఆ సంఖ్య మెత్తబడే ప్రమాదం ఉంది.

అక్టోబరులో మాటలు మొదలయ్యాయి. మేము ఎకరానికి 1,20,000 అడిగాము, వాళ్లు 60,000 అన్నారు. మరీ బిగదీయవద్దని మా న్యాయవాది ముందే హెచ్చరించారు. ఖాళీ చేయమని నోటీసు ఇవ్వవచ్చు గాని, 2013 భూసేకరణ చట్టం కింద ప్రభుత్వం ఆ భూమిని పూర్తిగా తీసుకునే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రిగ్గు రావలసిన తొందర వాళ్లకు ఉంది, అది మా బలం. భూమి వెనక్కి తీసుకుని మేము చేయగలిగింది ఏమీ లేదు, అది మా బలహీనత. 85,000 దగ్గర, ఏటా అయిదు శాతం పెంపుతో కుదిరింది. 1.92 ఎకరాలకు మొదటి ఏడాది 1,63,200 రూపాయలు.

రేటు ఒక పూటలో తేలింది గాని, రెండు షరతుల మీద అయిదు వారాలు నడిచింది. మొదటిది గడువు చివర ఏమవుతుందన్నది. సంస్థకు కొనసాగాలని ఉంటే గడువుకు ఆరు నెలల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి, గడువు దాటాక కొత్త పత్రం రాసేవరకు లేదా భూమి అప్పగించేవరకు అద్దె అదే అయిదు శాతం పెంపుతో నడుస్తుంది, యజమాని మరణిస్తే వారసుల పత్రాలు వచ్చేవరకు సంస్థ ఆ మొత్తాన్ని విడిగా జమచేసి ఉంచుతుంది అని మేము రాశాము. చివరి వాక్యం తమ నమూనా పత్రంలో లేదని మూడుసార్లు కొట్టేశారు, మూడుసార్లు మళ్లీ రాశాము. నాలుగోసారి ఉంచారు. రెండోది భూమి తిరిగి ఇచ్చేటప్పటి స్థితి. తీసుకున్నప్పుడు ఎలా ఉందో, మామూలు వాడకం అరుగుదల మినహా, అలా తిరిగి ఇవ్వడం చట్ట ప్రకారమే కౌలుదారు బాధ్యత. “పూర్వస్థితి” అన్న మాట వాళ్లు ససేమిరా ఒప్పుకోలేదు. కొబ్బరిచెట్లు తిరిగి నిలబెట్టమంటారేమోనని భయం కాబోలు. చివరికి, బావిని నిబంధనల ప్రకారం పూడ్చి, కంకర మొత్తం తొలగించి, సాగుకు వీలైన మట్టి నింపి అప్పగించాలి అని కుదిరింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలిన తరువాత మా వైపు ఏ రైతూ ప్రమాద పరిహారం మాట లేకుండా సంతకం పెట్టడం లేదు, ఆ షరతు మాత్రం వాళ్ల నమూనాలోనే ఉంది.

గడిచిపోయిన కాలాన్ని కూడా కొత్త లీజులోకి లాగి, 2019 నుంచే మొదలైనట్టు రాయిద్దామని తమ్ముడు ఆశపడ్డాడు. గడిచిన కాలానికి కొత్తగా లీజు పుట్టించలేమని, దానికి బకాయి పరిష్కారం వేరే కాగితంగా ఉంటేనే మంచిదని న్యాయవాది అన్నారు. దాంతో 2020 ఏప్రిల్ నుంచి 2023 నవంబరు చివరి దాకా, పాత షరతుల మీదే, 2021 ఏప్రిల్‌లో రావలసిన పది శాతం పెంపు కలిపి లెక్క కట్టాము. మొదటి ఏడాదికి 95,832, తరువాతి రెండేళ్లకు ఏటా 1,05,415 రూపాయల 20 పైసలు, చివరి ఎనిమిది నెలలకు 70,276 రూపాయల 80 పైసలు. మొత్తం 3,76,939 రూపాయల 20 పైసలు. పాత పత్రంలో లేని పన్నెండు సెంట్లకు ఇందులో చోటు లేదని, దాని మీద మా హక్కు వదులుకోవడం లేదని ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టాను.

2023 నవంబరు 30న కొత్త లీజు రిజిస్టరు అయింది, గడువు డిసెంబరు 1 నుంచి పదేళ్లు. వేలిముద్రలు, ఫొటోలు, సాక్షులుగా బాబాయి, పక్కతోట ఆయన, అంతా గంటన్నరలో ముగిసింది. నేను రెండో తేదీ ఉదయం చెన్నై చేరాను, నాలుగున మిచౌంగ్ తుఫాను వానకు మా వీధంతా నీళ్లు నిండాయి. ఆకుపచ్చ ట్రంకుపెట్టె మళ్లీ అటకెక్కింది, ఈసారి కాగితాలు ప్లాస్టిక్ సంచిలో.

నలుగురినీ సంస్థ పుస్తకాల్లో చేర్చి డబ్బు పంపడానికి జనవరి అయింది. బకాయిలో తలా 94,234 రూపాయల 80 పైసలు. ఇక్కడ ఉన్న ముగ్గురికీ ఆ ఏడాది అందే మొత్తం అప్పటి 2,40,000 రూపాయల పరిమితి లోపలే కనుక మూలంలో పన్ను కోత పడలేదు. విదేశంలో ఉన్నవారికి ఆ పరిమితి వర్తించదు కాబట్టి తమ్ముడి వాటాలో 31.2 శాతం, అంటే 29,401 రూపాయలు పట్టుకున్నారు. అది తిరిగి రావాలంటే వాడు ఇక్కడ రిటర్ను వేయాలి, ఆ పని నా నెత్తినే పడింది. కంకర పోసిన నేల మీది అద్దె వ్యవసాయ ఆదాయం కాదన్న సంగతి నాన్నగారు బతికినన్నాళ్లూ ఎవరూ ఆయనకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అడిగితే కదా అనుకున్నాను.

పన్నెండు సెంట్ల గత కాలపు అద్దె గురించి ఫిబ్రవరిలో విడిగా ఉత్తరం పెట్టాను, దానికి కొలత కాగితం జతచేశాను. కంచె ఎప్పుడు జరిగిందో తేలాలి కనుక పాత రికార్డులు పరిశీలిస్తున్నామని మే నెలలో జవాబు వచ్చింది. 2009 నాటి లీజుకు జతచేసిన పటం జిరాక్సు తీయించి, ఈశాన్యం మూల రాయి దగ్గర ఎర్ర సిరాతో సున్నా చుట్టి, రెండో ఉత్తరం రాసి ఉంచాను.